పదకొండో మలుపులో చూపు

సాలూరు నుంచి సుంకి వెళ్ళే ఘాట్ మీద ఉదయం ఎనిమిదిన్నరకి పదకొండో మలుపు వచ్చింది. ఎప్పటిలాగే గౌరీశ్వరి కళ్ళ ముందున్న లేత పసుపు వెలుగు రోడ్డు వదిలి ఎడమవైపు లోయ అంచుకి జారింది. ఆమె చూపు దాని వెంటే వెళ్ళింది. కాలు తనంతట తాను లారీ వేగం తగ్గించింది. అక్కడ ఒక రేకుల ఇల్లు, ముందు పసుపుకొమ్ములు ఆరబోసిన వాకిలి, వాకిట్లో నిలబడ్డ ముసలావిడ. వెలుగు రెండు క్షణాలు ఆవిడ మీద ఆగి, తిరిగి రోడ్డు మీదికి వచ్చింది.

ఆమెకది తొంభై మూడో ప్రయాణం. తొంభై మూడు సార్లూ ఇదే జరిగింది.

మైదానంలో లారీలు వాటంతట అవే నడుస్తున్నా, ఘాట్ మీద మాత్రం మనిషి చేయి ఉండి తీరాలని చట్టం. పాతకాలంలో అయితే గౌరీశ్వరిని లారీ మెట్టు కూడా ఎక్కనిచ్చేవారు కాదు. ఆమె కళ్ళకి మైనస్ పదకొండు. అప్పట్లో గోడ మీది అక్షరాలు చదవలేనివాళ్ళని గుమ్మంలోంచే వెనక్కి పంపేవారు. కంటికి అతికే కనుపొర వచ్చాక అందరి చూపూ ఒకే తీరుగా స్పష్టమైపోయింది, ఆ పరీక్షకి అర్థం లేకుండా పోయింది. ఇప్పుడు కన్ను ఎంత బాగా చూస్తుందని ఎవరూ అడగరు. ఎప్పుడు ఎటు చూస్తుందన్నదే పరీక్ష. అందుకని కొత్త డ్రైవరు కనుపొరలో ఒక అనుభవజ్ఞుడి చూపుల నడకని పొదుగుతారు. దాన్ని చూపుతోడు అంటారు. ఆ వెలుగు వెళ్ళినచోటికల్లా చూస్తూ నూరు ప్రయాణాలు పూర్తి చేస్తే లైసెన్సు వస్తుంది. వెలుగుని తప్పినా, దారిలో ఆగినా తేడా. మూడు తేడాలు వస్తే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది.

ఆ మధ్యాహ్నం ఆమె చూపుల శాఖ డాక్టరు జోగారావుని అడిగేసింది.

"ఆ మలుపు పెద్ద ప్రమాదమైనది కాదు సార్. వెలుగు ఎడమకి ఎందుకు పోతుంది?"

ఆయన తెర మీద పాత నమోదులు తిరగేశాడు. "నీ చూపుదాత ఇరవై రెండేళ్ళు ఆ దారిలో నడిపాడు. బండికి ఒక్క గీత పడలేదు. దారికి సంబంధం లేని చూపులన్నీ యంత్రం ఏరి పారేసింది, ఇదొక్కటే ఉంచింది. అటు చూసిన ప్రతిసారీ అతను బండి నెమ్మది చేశాడు కదా, అక్కడేదో ముప్పుందనుకుంది."

"ముప్పేం లేదు సార్. ఒక ముసలమ్మ ఉంది."

జోగారావు కళ్ళజోడు లేని ముక్కుని అలవాటుగా సవరించుకున్నాడు. "దాత పేరు చెప్పకూడదు. నీకు ఇప్పటికే ఒక తేడా ఉంది. మిగిలిన ఏడూ బుద్ధిగా నడుపు."

మర్నాడు గౌరీశ్వరి బుద్ధిగా నడపలేదు. పదకొండో మలుపులో లారీ ఆపి దిగింది.

ముసలావిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఏటమ్మీ, బండి ఆగిపోనాదా?"

"లేదత్తా, నేనే ఆపినాను. రోజూ నిన్ను చూస్తన్నాను. ఎందుకు చూస్తన్నానో నాకే తెలీదు."

ఆవిడ ఈమెని దాటి లారీలోకి తొంగి చూసింది. "మా లోకనాథం నేడా?"

ఆవిడ పేరు పారమ్మ. కొండ మీది మనిషిని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నందుకు తండ్రి ఆమెని వదిలేశాడు. తమ్ముడు లోకనాథం చేత అక్క విషయంలో ఒట్టు వేయించుకున్నాడు.

"అప్పతో మాటాడనని, గడప తొక్కనని ఒట్టేసినాడు. సూడనని మాత్రం ఎయ్యనేదు" అంది పారమ్మ. "పొద్దుటేల ఆడి బండొక్కటే ఇక్కడ నెమ్మదిగా పోయేది. నాను పనొదిలేసి వాకిట్లోకొచ్చీదాన్ని. నాలుగేళ్ళయింది, అది రాడం మానేసినాది. ఆడు పోనాడనుకున్నాను. ఈ నాలుగు నెల్ల బట్టీ మళ్ళీ ఒక బండి నెమ్మదిస్తన్నాది. ఆడే అనుకున్నానమ్మీ."

అది ఆయన బండి కాకపోయినా చూపు ఆయనదే అని చెప్పింది గౌరీశ్వరి.

ఆ సాయంత్రం వెతుక్కుంటూ వెళ్తే, లోకనాథం సాలూరు లారీల యార్డు వెనక వీధిలో దొరికాడు. అరుగు మీద కూర్చుని తడుముకుంటూ తాడు ముడి వేస్తున్నాడు. నీటికాసుల జబ్బుతో కంటినరాలు చచ్చిపోయాయి. నరం లేని కంటికి కనుపొర కూడా ఏమీ చేయలేదు. యాభై ఆరో ఏట పరీక్షలో తప్పించి, జ్ఞాపకార్థం అన్నట్టు అతని చూపుల్ని మాత్రం తీసి ఉంచుకున్నారు.

"నీ చూపు నా కళ్ళకి పెట్టారు మావా. పదకొండో మలుపులో పారమ్మత్తని చూశాను."

అతని వేళ్ళు ఆగిపోయాయి. "అదీ పట్టేసిందా యంత్రం" అన్నాడు. "మా ఇంటిదానికి కూడా సెప్పనేదమ్మా నాను. ఎలాగున్నాది అప్ప?"

"జుట్టు నెరిసింది. నడుం వంగలేదు. నువ్వు పోయావనుకుంది."

"నాన పోయి పదిహేనేళ్ళయింది. ఒట్టే పోనేదు" అని తాడు పక్కన పెట్టేశాడు.

ఆ తర్వాత మూడో రోజు ఉదయం లోకనాథం యార్డు గేటు దగ్గర, ఉతికిన చొక్కాతో, చేతికర్రతో నిలబడి ఉన్నాడు. "ఇయ్యాల కాళ్ళు కదిలినాయి. రేపు కదుల్తాయో నేదో" అన్నాడు.

మొన్న ఆగినందుకు రెండో తేడా పడింది, ఈసారీ ఆగితే మూడోది. ఇది కాక ఇంకా మూడే ప్రయాణాలు మిగిలాయి. గౌరీశ్వరి ఆ మాట అతనితో అనలేదు. చేయి పట్టి ఎక్కించింది. మలుపులో ఆపి, మళ్ళీ చేయి పట్టి దించింది.

పారమ్మ వాకిట్లో కదలకుండా నిలబడింది. తమ్ముడి కళ్ళు తన వైపు కాక, కొంచెం పక్కకి చూస్తుండడం గమనించింది.

"కళ్ళున్నన్నాళ్ళూ ఆగకుండా పోనావు. ఇప్పుడు దిగినావేట్రా?"

"కళ్ళున్నన్నాళ్ళూ సూపుతోనే సరిపెట్టుకున్నానప్పా" అన్నాడు లోకనాథం.

ఆవిడ దగ్గరికొచ్చి అతని గడ్డం పట్టుకుంది. లోపలికి రమ్మనలేదు. నులకమంచం తెచ్చి వాకిట్లోనే వాల్చి, "గడప తొక్కకుండానే కూకో" అంది. ముగ్గురికీ అక్కడే అంబలి పోసింది.

ఆగినందుకు కారణమేమిటని లారీ అడిగింది. "అప్పాతమ్ముళ్ళు కలుసుకున్నారు" అని చెప్పింది గౌరీశ్వరి.

జోగారావు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. నియమం నియమమే, తొంభై ఏడూ కొట్టేశాడు. కానీ ఘాట్ పటంలో పదకొండో మలుపు దగ్గర ప్రమాద సూచన తీసేసి, బండి ఆపుకోదగిన చోటుగా గుర్తు పెట్టాడు. ఇకమీదట అక్కడ ఆగితే తేడా పడదు.

ఒకటో ప్రయాణం రోజున లోకనాథం ఎండుచేపల పొట్లంతో గేటు దగ్గరే ఉన్నాడు. సంగతి ఎవరో చెప్పినట్టున్నారు.

"నా వల్ల మళ్ళీ నూరు తిరగాలంట కదమ్మా" అన్నాడు నొచ్చుకుంటూ.

"తిరగాలి మావా" అంది గౌరీశ్వరి, అతని పాదం మెట్టు మీద ఆనిస్తూ. "నువ్వూ నూరు సార్లు దిగాలి మరి."