ఒకే గడిలో ఇద్దరు

"ఇస్త్రీకి ఇచ్చిన చొక్కా వచ్చిందా?"

"వచ్చింది గానీ, కాలర్ కింద బొత్తం ఊడింది."

కోడ్ సరిపోయింది. లాండ్రీ కౌంటర్ దగ్గర కూర్చున్నావిడ తలెత్తకుండానే బల్ల కింద మీట నొక్కింది. వేలాడుతున్న కోట్ల వెనక ఒక తలుపు తెరుచుకుంది. రూళ్లకర్ర నడుం దాకా వంగి లోపలికి దూరాడు. ఆ తలుపు ఎవరి కొలతకి పెట్టించారో గానీ, ఈ మనిషికి మాత్రం ఏనాడూ సరిపోలేదు.

రూళ్లకర్ర అంటే పేరు కాదు లెండి. మనిషి అంత పొడుగు, అంత సన్నం, అంత బిర్రబిగుసుకుని ఉంటాడు. పైగా ఎక్కడ కూర్చున్నా కాగితం దొరికితే చాలు, గళ్లు గీసేస్తాడు. డిపార్ట్‌మెంట్‌లో ఎవరో సరదాకి పెట్టిన పేరు అతుక్కుపోయింది. ముద్దొచ్చినప్పుడు పెళ్లామూ అలాగే పిలిచేది. పాపం, ఆవిడ పోయి మూడేళ్లు. ఆవిడ ఆస్పత్రి మంచం మీద ఉన్న రోజుల్లో ఈయన సరిహద్దు అవతల ఎవరింటి మిద్దె మీదో బైనాక్యులర్స్ పట్టుకుని బోర్లా పడుకున్నాడు. మిషన్ సక్సెస్. ఇంటికొచ్చేసరికి మంచం మీద దుప్పటి కూడా మడతపెట్టేశారు.

చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. ఆయన కూర్చోమనకుండానే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"యుద్ధం ఆపడానికి రాయబారి వస్తున్నాడు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందురోజు ఆటల ఎగ్జిబిషన్‌కి వెళ్తాడు. ముసలాయనకి ఆటల పిచ్చి. అక్కడే ఆయన్ని లేపేయాలని విదేశీ ముఠా ప్లాన్."

"ఎలా సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? ఆయన అందరి ముందూ ఒక కొత్త ఆట ఆడతాడట. దానికి డిజైనర్ కావాలి. ఆ డిజైనర్ నువ్వే. నెరిసిన విగ్గు, మందపాటి కళ్లద్దాలు, మాసిన సంచీ. మారువేషం బాగా కుదురుతుంది. ఇంట్లో నీ పాత ఆట ఒకటి ఉండాలిగా? ఇద్దరూ చాటుగా ఆర్డర్లు రాసుకుని, ఒక్కసారే బయటపెట్టేది? దాన్ని దులిపి తయారుచెయ్."

రూళ్లకర్రకి ఒళ్లు పులకరించింది. అటక మీద పడేసిన ఆటని అడిగేవాళ్లు ఇన్నాళ్లకి వచ్చారు. మనిషి ఎంత ఏజెంట్ అయినా, పొగిడితే కరిగిపోకుండా ఉంటాడా?

"అది నేనొక్కణ్నే చేసింది కాదు సార్."

"తెలుసు. నీ మరదలు కూడా చేసింది. అసలు సంగతీ అదే." పెద్దాయన ఫొటో ఒకటి ఇటు తోశాడు. సిల్కు చీర, నల్లకళ్లద్దాలు, మెడలో ముత్యాల గొలుసు. డిపార్ట్‌మెంట్‌లో ఆమె కోడ్ నేమ్ నెమలి. "ముఠాలోకి మనమే పంపాం. వాళ్లలో కలిసిపోయింది. నీ దగ్గరికి తనే వస్తుంది. రానీ. ఒక కన్నేసి ఉంచు."

"నిజంగా అమ్ముడుపోయిందంటారా?"

"నా మాట మీద నమ్మకం లేదా?"

ఉంది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

*

మర్నాడే దిగింది మరదలు. అత్తరు వాసన ముందొచ్చింది, ఆమె తర్వాత.

"ఇదేంటి బావా, జుట్టు నెరిసిందా, విగ్గా?"

"విగ్గు."

"అయితే తీయకు. అసలు దానికంటే ఇదే నయం."

ఆ మాటకి నవ్వకుండా ఉండటానికి ఆయనెంత కష్టపడ్డాడో ఆయనకే తెలుసు. వంటింటి బల్ల మీద కాగితం పరిచాడు. అదే బల్ల. ఒక మూల వేడి గిన్నె పెట్టిన నల్ల మచ్చ అలాగే ఉంది. ఆ మచ్చ పోయిన పెళ్లాం, అంటే మరదలి అక్క, చేసింది. మరదలు దాన్ని వేలితో మెల్లగా రుద్దింది.

ఆట పెద్ద చిక్కుదేం కాదు. గళ్ల కాగితం. చెరో పక్కన గుర్రం, ఫిరంగి, బంటు, జెండా. ఇద్దరి మధ్యా ఒక అట్ట నిలబెడతారు. ఎవరి ఆర్డర్లు వాళ్లు చాటుగా రాసుకోవాలి. కదులు, కొట్టు, ఆగు. అట్ట తీయగానే ఇద్దరి ఆర్డర్లూ ఒకేసారి జరిగిపోతాయి. ఎదుటివాడు ఏం చేశాడో చూసి మనం చేసే ఆట కాదది. ఎదుటివాడు ఏం చేస్తాడో ముందే తెలిసి ఉండాలి. మనుషులు తెలిసినవాడే గెలుస్తాడు.

"ఒకే గడిలోకి ఇద్దరూ వస్తే?" అంది మరదలు, ఎన్నాళ్ల నాటి తగువునో తిరగదోడుతూ.

"ఇద్దరూ అవుట్."

"ఇంకా అదే పాటా! ఇద్దరూ ఒక్కో అడుగు వెనక్కేస్తే నీ సొమ్మేం పోయింది?"

"ఆట ఎప్పటికి తేలుతుంది?"

"తేలకపోతే ఇంకాసేపు ఆడుకుంటారు. అక్క కూడా ఇదే చెప్పింది. నువ్వు ఎవరి మాట విన్నావు గనక!"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాడు.

ఆర్డర్లు రాసే ముందు నోటితో ఏం చెప్పుకున్నా తప్పు లేదన్నది ఆటలో రూల్. అక్కడే ఆమెతో చచ్చే చావు. "బావా, నా గుర్రం నీ ఎడమకి వస్తోంది, చూసుకో" అంటుంది కిలకిలా నవ్వుతూ. ఇంత బాహాటంగా చెప్పిందంటే అబద్ధమే అయ్యుంటుందని ఈయన బలగమంతా కుడికి తోలతాడు. అట్ట తీస్తే గుర్రం ఎడమనే ఉంటుంది. జెండా పోతుంది. పెళ్లాం ఉన్న రోజుల్లో పక్కన కూర్చుని కూర తరుగుతూ అనేది: "అది నీకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. నీకే తెలివి ఎక్కువై ఓడిపోతున్నావు." ఇంట్లో మాట గనక గాలికి వదిలేశాడు.

ఇప్పుడూ వరసగా ఓడాడు. ఓడుతూనే కనిపెడుతున్నాడు. ఆమె గొలుసు సవరించుకున్నా అనుమానమే, కిటికీ వైపు చూసినా అనుమానమే. వెళ్లబోతూ మాత్రం ఒక మాట అంది.

"ఇసుక గడియారం తీసెయ్ బావా. ఆర్డర్లు రాయడానికి టైమ్ పెడితే ముసలి రాయబారి కంగారుపడతాడు. ఎంతసేపు ఆలోచించుకుంటే అంతసేపు ఆలోచించుకోనీ."

మంచి సలహానే అనిపించింది. తీసేశాడు.

*

ఎగ్జిబిషన్ హాల్లో ఎక్కడ చూసినా జనమే. మధ్యలో ఎత్తు మీద బల్ల, రెండు కుర్చీలు, నిలబెట్టిన అట్ట. ఇటు రూళ్లకర్ర, అటు రాయబారి. జడ్జిగా మరదలు. ఆమె పక్కనే ప్రెస్ బ్యాడ్జీ పెట్టుకున్న కెమెరావాడు. ముఠాలో ఆమె మీద కాపలా వాడేనని రూళ్లకర్ర చూడగానే పట్టేశాడు. ఫొటోలు తీసేవాడు వెలుతురు ఎటుందో చూసుకుంటాడు. వీడు తలుపులెటున్నాయో చూసుకుంటున్నాడు.

నిర్వాహకుల తరఫున మరదలు ఇద్దరికీ చెరో కొత్త పెన్ను ఇచ్చింది. ఆట మొదలైంది. రాయబారి ఘటికుడే. మొదటి వంతులోనే రూళ్లకర్ర బంటుని ఎగరేసుకుపోయాడు. జనం చప్పట్లు.

రెండో వంతు. మరదలు నవ్వుతూ బల్ల మీదికి వంగింది.

"డిజైనర్ గారూ, మీరు ఈ వంతుకి ఆగాలి." వెంటనే గొంతు తగ్గించింది. "బావా, ఆగు. ఈ గడి నేను చూసుకుంటా."

రూళ్లకర్ర తలెత్తాడు. ఆగమంటోందా? అంటే ఇప్పుడే ఏదో జరగబోతోంది!

కళ్లు పరిగెత్తాయి. రాయబారి చొక్కా జేబులో రెండు పాత పెన్నులున్నాయి. రెండింటి తోకల మీదా పంటిగాట్లు. ముసలాయన ఆలోచించేటప్పుడు పెన్ను నములుతాడు! చదరంగం పెడితే చేతిలో పెన్ను ఉండదు. అందుకే రాతతో ఆడే ఆట కావలసి వచ్చింది. అందుకే గడియారం తీయించారు, విషం పూసిన ఆ కొత్త పెన్నుని తీరిగ్గా నమలాలని. రూళ్లకర్ర ముచ్చటపడి చేసుకున్న ఆటే ఉచ్చు. గళ్లు గీసింది తన చేతులే.

అటు రాయబారి కనుబొమలు ముడిచి, పెన్ను తోకని మెల్లగా నోటి దగ్గరికి తెస్తున్నాడు. పెదవికి తాకబోతోంది.

"టైమ్!" అని అరిచాడు రూళ్లకర్ర. అట్ట ఎగిరిపోయింది. బల్ల మీదుగా దూకి ఆ చేతిని ఒక్క దెబ్బ కొట్టాడు. పెన్ను దొర్లుకుంటూ వెళ్లి కెమెరావాడి బూటు దగ్గర ఆగింది.

కెమెరావాడు కిందికి చూశాడు. తను మరదలికి ఇచ్చిన విషప్పెన్నుకి క్యాప్ అంచున సన్నటి ఎర్ర గీత ఉండాలి. దీనికి లేదు. పెన్ను మారింది. మార్చగలిగింది ఆమె ఒక్కతే. వాడికి అర్థమైంది. వాడి చూపు పెన్ను మీంచి మరదలి మీదికి మారడం చూసి, రూళ్లకర్రకీ ఆ క్షణంలోనే అర్థమైంది.

కెమెరా పైకి లేచింది. ఆ లెన్సులోంచి ఫొటో రాదు, విషసూది వస్తుంది. వాడు ముందు గురి పెట్టింది తన మీదికి లంఘిస్తున్న రూళ్లకర్రకి. అదే క్షణంలో మరదలు కూడా అడుగేసింది, అదే చోటికి.

సూది ఆమె భుజంలో దిగింది.

గార్డులు కెమెరావాడి మీద పడ్డారు. రూళ్లకర్ర ఆమెని ఒళ్లోకి తీసుకుని కింద కూలబడ్డాడు. విగ్గు ఎక్కడో పడిపోయింది. ఆమె ఆయన బట్టతల వైపు చూసి, నవ్వబోయింది.

"ఆగమన్నానుగా... రూళ్లకర్రా."

అక్క పిలిచే పిలుపు. ఇంక మాట్లాడలేదు.

*

మళ్లీ లాండ్రీ. మళ్లీ బొత్తం ఊడిన చొక్కా.

పెద్దాయన బల్ల మీద ముత్యాల గొలుసు పెట్టాడు. మధ్య ముత్యం రెండుగా విప్పితే లోపల మైక్.

"ముఠావాళ్లు వేశారు. ఊపిరి పీల్చినా వినేవారు. నీకు చెప్పాలన్నా ఆట మాటల్లో చెప్పాల్సిందే."

"అంటే అమ్ముడుపోలేదు."

"ఏనాడూ పోలేదు. విషప్పెన్ను తన బ్యాగులోనే దొరికింది. రాయబారి ఉత్త పెన్ను నమిలి, కాసేపాగి పడిపోయినట్టు నటించేవాడు. ఆ కబురు వినడానికి ముఠా అంతా ఒకచోట చేరేది. మొత్తం వలలో పడేవాళ్లు. ఇప్పుడు దొరికింది ఒక్క కెమెరావాడు."

"రాయబారికీ తెలుసా?"

"తెలుసు."

"గార్డులకి?"

"తెలుసు."

"నాకొక్కడికే..."

"నువ్వు తనని నిజంగా అనుమానించాలి. నీ మొహంలో అది కనపడితేనే వాళ్లు తనని నమ్ముతారు. ఎవరి ఆర్డర్ వాళ్లకే. నీ ఆటలో పద్ధతీ అదేగా?" పెద్దాయన గొంతు కాస్త తగ్గించాడు. "నువ్వు ఆగుతావనుకున్నానయ్యా. సొంత మరదలు చెప్పిందిగా."

రూళ్లకర్ర లేచి వచ్చేస్తూ తలుపు దగ్గర వంగడం మరిచిపోయాడు. నుదురు చిట్లింది. కౌంటర్ దగ్గరావిడ గుడ్డ అందించింది. అద్దుకోకుండా చేత్తో పట్టుకుని వీధిలోకి వెళ్లిపోయాడు.

*

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రాయబారిని కాపాడిన వీరుడని పేపర్లు రాశాయి. ఆటకి ఎక్కడలేని పేరొచ్చింది. అచ్చు వేస్తామని బొమ్మల కంపెనీ మేనేజర్ ఇంటికొచ్చి, నల్ల మచ్చ ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాడు. రూల్స్ చదువుతూ ఒకచోట ఆగాడు.

"ఇదేంటండీ, మార్చేశారు? ఒకే గడిలోకి ఇద్దరూ వస్తే ఇద్దరూ వెనక్కి వెళ్లడమేంటి? ముందు ఇద్దరూ అవుట్ కదా! మజా అంతా అక్కడే ఉంది. ఆటన్నాక కాస్త నిజంలా ఉండాలి గానీ."

రూళ్లకర్ర బల్ల మీది మచ్చ మీంచి చెయ్యి తీయలేదు.

"నిజంలాంటిది ఒకటి ఆడి చూశానండీ," అన్నాడు. "నేనే గెలిచాను. పేపర్లో ఫొటో కూడా వేశారు."