టైలర్ కత్తిరించిన యాంటెన్నాలు

"ఏవండీ, నా విమానానికి ఈ క్షవరం చేసింది మీరేనా?"

టైలర్ తలెత్తాడు. నోట్లో గుండుసూది ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే "మీరు కోపంలో కూడా బాగున్నారండీ" అనేసేవాడే. మొన్న ఆ అమ్మాయి తన మోడల్ విమానానికి గుడ్డ కవరు కుట్టమని, కొలతలకోసం విమానాన్నే అతని దగ్గర వదిలి వెళ్ళింది. ఇందాకే వచ్చి విమానం తీసుకెళ్ళింది, కవరింకా కాలేదన్నాడు. ఇంతలోనే తిరిగొచ్చింది.

"క్షవరమా?" అన్నాడు సూది తీసి.

విమానం పొట్టలోంచి బయటికొచ్చిన రెండు సన్నటి తీగల్ని ఆమె చూపించింది. రెండిటి చివర్లూ తెగి ఉన్నాయి.

"అవా! దారప్పోగులు వేలాడుతున్నాయనుకున్నానండీ. చెయ్యి ఊరుకోలేదు."

"పోగులా! అవి యాంటెన్నాలు. రిమోట్ చెప్పేది విమానం వినేదే వాటితో. చెవులు కోసేసి పిలిస్తే పలుకుతుందా?"

అతను నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇది మా తాతయ్య స్వయంగా చేసింది. ఆయన చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. ఆదివారం ఎగరేసి చూపిస్తానని మాటిచ్చాను. ఇంకా ఆలస్యమైతే ఆయనకి కనబడదండీ."

టైలర్ కత్తెర సొరుగులో పడేసి లేచాడు. "పదండి. అవెక్కడ దొరుకుతాయో చూపించండి."

హాబీ షాపులో అతను అన్నిటికన్నా పొడుగుదాన్ని పట్టుకున్నాడు. "ఇది కొందాం. ఊరవతలున్నా వినబడుతుంది."

"పెట్టండక్కడ. అన్న చొక్కా తొడిగితే తమ్ముడు పొడుగవుతాడా? విమానంలోని రిసీవర్ వినే సిగ్నల్‌కి సరిపోయే పొడవే ఉండాలి. తగ్గినా తంటానే, పెరిగినా తంటానే."

"కొలతలన్నమాట! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా?"

ఆమెకు కోపం మధ్యలోనే నవ్వొచ్చింది. ఇద్దరూ కౌంటర్ మీద యాంటెన్నాల డబ్బా బోర్లించి, తమ రిసీవర్‌కి పట్టే జత దొరికేదాకా ఏరారు. తీగలు బిగించాక అతను రెండిటినీ పక్కపక్కనే అంటించబోయాడు.

"అలా కాదు. ఒకటి నిలువు, ఒకటి అడ్డం. విమానం ఎటు తిరిగినా ఒకదానికైనా వినబడాలి."

"పడుగూ పేకా లాగా."

"అచ్చం అలాగే," అంది ఆమె, కాస్త ఆశ్చర్యంగా.

ఆదివారం వాన వెలిశాక మైదానంలో తాతయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. విమానం గడ్డిమీద పరిగెత్తి లేచింది. ఆమె దాన్ని తాతయ్య ముందునుంచి కిందుగా పోనిచ్చింది.

"ఎర్ర రెక్కలు!" అని ముసలాయన చప్పట్లు కొట్టాడు. "నేను వేసిన రంగే!"

ఆమె రిమోట్‌ని టైలర్ చేతికిచ్చింది. కంగారులో అతను దాని యాంటెన్నా మొనని సూటిగా విమానానికే గురిపెట్టాడు. రెక్కలు తడబడ్డాయి.

"అలా గురిపెడితే అందదు! మొనలోంచి సిగ్నల్ దాదాపు పోదు, పక్కలనుంచే పోతుంది." ఆమె అతని చేతిమీద చెయ్యివేసి యాంటెన్నాను పక్కకి వంచింది. విమానం కుదురుకుంది.

ఆమె చెయ్యి తియ్యలేదు. ఇన్నాళ్ళూ ఆమె మొహంలోకి చూస్తే అతనికి ఒక్క మాటా పెగిలేది కాదు. ఇప్పుడు ఆకాశం వైపు చూస్తూ చెప్పేశాడు.

"కవరు ఎప్పుడో అయిపోయిందండీ. ఇచ్చేస్తే మళ్ళీ రారని దాచాను. ఆ తర్వాత యాంటెన్నాలకి విడిగా రెండు చిన్న జేబులు కూడా కుట్టాను."

ఆమె అతని చేతిలోని రిమోట్‌తోనే విమానాన్ని ఇంకో చుట్టు తిప్పింది.

"ఇంట్లో ఇంకా నాలుగు విమానాలున్నాయి," అంది చివరికి. "వాటికీ కుట్టాలి."

"అవీ అయిపోతే?"

"తాతయ్య ఇక చెయ్యలేరుగా. మనమే ఇంకోటి చేసుకుందాం."

వెనకనుంచి తాతయ్య గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, విమానం ఇప్పుడు మసకమసగ్గా ఉందే."

ఆమె గాభరాగా వెనక్కి తిరిగింది.

"మీరిద్దరు మాత్రం," అన్నాడాయన నవ్వుతూ, "బాగానే కనబడుతున్నారు."