పన్నెండు ఖాళీ గళ్ళు

రెండు వందల ఎనభై ఏడో కబురు ముక్క పళ్ళెంలో పడింది. సుభాషిణి దాన్ని చదివి, అక్షరాలు లెక్కపెట్టి, పక్కన ఉంచింది. దేనితోనూ కలపలేదు. చంద్రుని వెనుకవైపున్న నెలగొంది అనే ఊరి నుంచి భూమికి కబుర్లు రోజుకు ఒక్కసారే వెళ్తాయి. నాలుగుంపావుకు వార్తాతార అనే ఉపగ్రహం తలమీదికి వచ్చి, పదకొండు నిమిషాల్లో దిగిపోతుంది. అది వచ్చేలోగా మూడు వందల పన్నెండు కుటుంబాల కబుర్లూ ఒకే దినబొంతగా కుట్టి, ముద్ర వేసి ఉంచాలి.

ముద్ర పడిన బొంతలో అక్షరం కూడా మారదు. ఒక్క మాట చేర్చాలన్నా యంత్రం మొత్తం బొంతను మరో చోట మొదటినుంచి రాసుకుని, చివర ఆ మాట తగిలిస్తుంది. సుభాషిణి రాకముందు ఏ ముక్కకు ఆ ముక్క వచ్చిన వెంటనే కుట్టేసేవారు. చివరి కుటుంబం వంతు వచ్చేసరికి మొదటి కుటుంబం కబురును యంత్రం మూడు వందల పదకొండు సార్లు తిరగరాసేది. గది కొలిమిలా కాగేది. వార్తాతార వట్టి చేతులతో దిగిపోయిన రోజులెన్నో.

ఆమె వచ్చిన వారంలోనే ముక్కలన్నీ ముందు పరుచుకుని, కావలసిన చోటు కొలిచి, ఒకేసారి కుట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో బొంత కుట్టే ఎవరైనా చేసే పనే. అప్పటినుంచి కుట్టుకు మూడు నిమిషాలు చాలు. నెలగొందిలో గాలి ఎంత పొదుపో యంత్రంలో అక్షరానికొకటిగా ఉండే గళ్ళూ అంతే పొదుపు. మధ్యాహ్నం మూడింటికి ఒక్కసారే అడగాలి. ఆమె అడిగిన గళ్ళు ఆరేళ్ళలో ఒక్కటీ చాలకపోలేదు, ఒక్కటీ ఎక్కువ కాలేదు. ‘మిగులు: సున్నా’ అని యంత్రం పలక మీద వెలిగే అక్షరాలను అధికారి కోదండపాణి కొత్తవాళ్ళకు గుడి చూపించినట్టు చూపించేవాడు.

ఆ రోజు సొరంగం తవ్వే సింహాద్రి పంపిన ముక్క దగ్గర ఆమె ఆగింది. మర్నాడు ఉదయం భూమి మీద అతని మనవరాలి బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి, తాత పంపిన పేరే రాస్తామని కూతురు కబురు పెట్టింది. ముక్కలో మాత్రం ‘వర్జ్యం పోయాక పేరు చెప్తాను’ అని ఉంది.

వర్జ్యం నాలుగూ పదికి విడుస్తుంది. ముద్ర నాలుగింటికి.

మూడింటికి ఆమె సింహాద్రి పద్దులో లెక్కకు మించి పన్నెండు గళ్ళు అడిగింది. తాతలకు పొడుగు పేర్లే నచ్చుతాయని ఆమె అంచనా.

నాలుగైంది. కోదండపాణి కుట్టి ముద్ర వేయమన్నాడు. ఆమె చెయ్యి కదలలేదు. వేశాక పేరు చేర్చాలంటే మరో చోట అంతా తిరగరాయాలని, దానికి మళ్ళీ గళ్ళు అడగడానికి వీల్లేదని ఆయనకూ తెలుసు. కుట్టు మొదలవడం ఆలస్యమైతే మూడు వందల పన్నెండు ఇళ్ళ కబుర్లూ పోతాయని ఆమెకూ తెలుసు.

"నాలుగూ పన్నెండు దాకా ఆగుతానండీ," అంది. "ఆ తర్వాత ఒక్క క్షణం కూడా ఆగను."

సరిగ్గా నాలుగూ పదికి సొరంగం ఫోను మోగింది. కోదండపాణే అందుకున్నాడు.

"చంద్రుడి మీద నీకు వర్జ్యం ఏమిటయ్యా?"

"నాకు కాదు బాబూ. మనవరాలు భూమ్మీద గదా పుట్టినాది." సింహాద్రి ఆయాసపడుతున్నాడు. "కుట్టే అమ్మకి చెప్పండి. పేరు నవనీత. రాసుకోమనండి."

నాలుగే అక్షరాలు. సుభాషిణి అతని ముక్కలో పేరు పెట్టి, కుట్టు నడిపింది. నాలుగూ పద్నాలుగుకు ముద్ర పడింది. వార్తాతార బొంతను అందుకుని దిగిపోయింది. పలక మీద ఆరేళ్ళ సున్నా చెరిగి, ‘మిగులు: ఎనిమిది’ అని వెలిగింది. కోదండపాణి దాన్ని చాలాసేపు చూశాడు.

మర్నాడు మూడింటికి ఆమె ముక్కలన్నీ చదివింది. ఆలస్యంగా చెప్తామన్నవాళ్ళు ఎవరూ లేరు. లెక్క వేసి, దాని మీద పన్నెండు కలిపింది.

యంత్రం మొట్టమొదటిసారి ఆమెను అడిగింది: ‘ఎవరికోసం?’

‘ఇంకా రానివాళ్ళ కోసం’ అని రాసింది సుభాషిణి. అటువంటి పద్దు యంత్రంలో లేదు. అది కాసేపు వెతుక్కుని, ఆ పన్నెండు గళ్ళూ తెరిచింది.