ఇది నటన కాదమ్మా

ఒక్క నిమిషం ఆగండి, చేతిలో పని పక్కన పెట్టి వినండి. రేపో మాపో మీరూ ఎవరో ఒక డాక్టరు ముందు కూర్చోవాల్సినవాళ్లే!

డాక్టరీ చదువుతున్న హర్షిణి పరీక్ష రాయడానికి గదిలోకి వెళ్లేసరికి, రోగిలా నటించే నమూనా రోగి మంచం మీద సిద్ధంగా ఉంది. ఆమె అసలు పేరు సువార్త. ఈ కేసులో మాత్రం లలిత. మణికట్టుకి బాధపట్టీ కట్టుకుంది. అందులో కేసు ఎంచితే చాలు, రోగం లేకుండానే రోగం తాలూకు నొప్పి ఒంట్లోకి దిగిపోతుంది! పరీక్ష అయిపోయి గంట మోగగానే మాయం. ఈ పట్టీ వచ్చాక అసలు రోగిని ముట్టుకోకుండానే డాక్టర్లైపోతున్నారు.

"చెప్పండి లలితగారూ, ఏమైంది?"

"గుండెల్లో పట్టేసినట్టుందమ్మా. ఎడం చెయ్యి లాగేస్తంది."

హర్షిణి వరసగా ప్రశ్నలు అడుగుతోంది. ఉన్నట్టుండి సువార్త ఆమె చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మా, ఇది నటన కాదమ్మా. నిజంగానే."

హర్షిణి గోడ వైపు చూసింది. పోయినేడాది ఇంకో నమూనా రోగి ఇదే మాట అంటే హడలిపోయి నిజంగా ప్రాణం మీదికొస్తేనే నొక్కాల్సిన, గోడ మీది ఎర్ర బటన్ నొక్కేసింది. అతను లేచి కూర్చుని, "అయ్యో పాపా, అది నా డైలాగే!" అని నవ్వాడు. విద్యార్థి కంగారుపడతాడో లేదో చూడ్డానికి కాలేజీవాళ్లు పెట్టిన మెలిక అది. పరీక్ష తప్పి ఏడాది పోయింది. ఈసారీ తప్పితే సీటే పోతుంది.

అందుకే నేర్పిన మాటే మెత్తగా అంది. "అర్థమైంది. కంగారు పడకండి."

"నీకెలా చెప్పనే తల్లీ... నేను సువార్తని..."

నమూనా రోగి అసలు పేరు చెప్పకూడదు. హర్షిణి చెయ్యి బటన్ దాకా వెళ్లింది. ఇదీ కొత్త మెలికేమో! చెయ్యి దిగిపోయింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా గుండెజబ్బు ఉందా అండీ?"

గంట మోగింది. పట్టీ దీపం ఆరిపోయింది. మార్కుల తెర మీద 'ఓర్పు: పూర్తి మార్కులు' అని వెలిగింది. సువార్త మాత్రం ఇంకా గుండె పట్టుకుని మెలికలు తిరుగుతూనే ఉంది.

అప్పుడు నొక్కింది హర్షిణి, ఎర్ర బటన్. పట్టీ లాగి పారేసింది. సువార్తను ఎక్కించిన స్ట్రెచర్‌తో పాటు పక్క భవనంలోని అసలు ఆసుపత్రికి పరిగెత్తింది. అక్కడి డ్యూటీ డాక్టరు కుర్రాడే, ఆ పరీక్ష గదిలోనే నెగ్గి వచ్చినవాడు. సువార్త అతని చొక్కా పట్టుకుంది.

"బాబూ... ఇది నటన కాదు బాబూ..."

"అర్థమైంది. కంగారు పడకండి," అన్నాడతను, ఎంతో మెత్తగా. అతని వేళ్లు ఆమె మణికట్టు మీదికి వెళ్లాయి. నాడి కోసం కాదు, పట్టీ కోసం.

"పట్టీ లేదు సార్! తీసేశాను! నిజంగానే గుండెపోటు!" అని అరిచింది హర్షిణి.

అతను తలెత్తి ఆమెను ఎగాదిగా చూశాడు. చిన్నగా నవ్వాడు.

"మీరూ కేసులో భాగమేనా?"

స్ట్రెచర్ మీద సువార్తకి ఎగశ్వాస మొదలైంది. చెప్పండి, ఆ క్షణంలో హర్షిణి స్థానంలో మీరుంటే, ఏం చేసి అతన్ని నమ్మించేవారు?