ఆపరేషన్ ఐదు మిల్లీమీటర్లు

హామిల్టన్ నగరంలో, బార్టన్ వీధిలోని ఒక ట్రోఫీల దుకాణం నుంచి గత సోమవారం ఒక మెకానిక్‌ను అంబులెన్సులో తీసుకెళ్ళారు. రెండు కళ్ళూ దెబ్బతిన్నాయి. ఆస్పత్రి రికార్డులో అది ప్రమాదం. టొరంటోలో, ఒక దంతవైద్యుడి క్లినిక్ పై అంతస్తున ఉన్న బోర్డు లేని ఆఫీసులో మాత్రం అది దాడి. ఆ మెకానిక్ అసలు పేరు ఏజెంట్ పదకొండు.

"లేజర్ వెలిగించి, చుక్క ఎప్పుడు సన్నబడుతుందా అని కంటితో చూస్తూ ఫోకస్ చేశాడు. పైగా వాళ్ళిచ్చిన కళ్ళజోడును నమ్మాడు," అంది చీఫ్ మోరీన్ డెవ్లిన్. "ఈ రెండు పనులూ నువ్వు చెయ్యకు."

ఏజెంట్ పంతొమ్మిది, అంటే వెండెల్ టర్నౌస్కీ, తలూపాడు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. పద్నాలుగు మంది రహస్య ఉద్యోగుల పేర్లున్న మెమరీ కార్డు ఒక విదేశీ ముఠా చేతికి చిక్కింది. మరో కాపీ లేదు. కెస్లర్ అనే కొరియర్ ఆ పేర్లను కంటికానని అక్షరాలతో ఒక లగేజీ బిళ్ల మీద చెక్కించి, కార్డును నాశనం చేసి, సాయంత్రం విమానమెక్కుతాడు. పదకొండు పని ముగించకముందే కళ్ళు పోగొట్టుకోవడంతో ముఠాకు ఇంకో మెకానిక్ అవసరం పడింది. కెస్లర్‌ను ఇక్కడే అరెస్టు చేస్తే అతని వెనకున్న మనిషి జారిపోతాడు. కాబట్టి అతను గెలిచాననుకొనే వెళ్ళాలి, వట్టి చేతులతో వెళ్ళాలి.

"అక్కడ ఒడీల్ గార్నో అని డిజైనర్ ఉంది. మనకూ పనిచేస్తుంది, వాళ్ళకూ పనిచేస్తుంది. ఇవాళ ఎవరి మనిషో ఆవిడకే తెలియాలి," అంది మోరీన్.

మధ్యాహ్నం రెండున్నరకు వెండెల్ నూనె మరకల కోటుతో, అతికించిన మీసంతో దుకాణం వెనుక గదిలో నిలబడ్డాడు. గోడ పొడవునా మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగ్ పోటీల కప్పులు. మధ్య బల్ల మీద నీలి కిరణపు లేజర్ మిషన్. చుట్టూ ఉండవలసిన రక్షణ కవచాన్ని ఎవరో ముందే విప్పేశారు.

కెస్లర్ గడియారం చూసుకుంటూ ఒక కళ్ళజోడు అందించాడు. నారింజ రంగు అద్దాలు. ఏ కిరణాన్ని ఆపుతాయో తెలుపుతూ అంచున ముద్రించిన అంకెలు కూడా సరైనవే. వెండెల్ దాన్ని పెట్టుకున్నాడు.

ఒడీల్ మెడలోని నీలి స్కార్ఫ్ సర్దుకుంది. "ఏం మెకానిక్ గారూ, నా స్కార్ఫ్ ఎలా ఉందో ఓసారి చూసి చెప్పండి."

"నీ సోకులకు ఇదా టైమ్?" అన్నాడు కెస్లర్.

వెండెల్ చూశాడు. స్కార్ఫ్ నిగనిగలాడే నీలంగానే ఉంది. నీలి కిరణాన్ని ఆపే అద్దంలోంచి నీలం నల్లగా కనిపించాలి. ఇది పైపైన నారింజ మెరుపు పూసిన మామూలు గాజు. ఆమె హెచ్చరించిందా, లేక నిజంగానే మురిసిపోతోందా?

"చాలా బాగుందండీ," అని, ఈ జోడు ముక్కును నొక్కుతోందంటూ తీసేసి, సంచిలోంచి తనది తీసి పెట్టుకున్నాడు. స్కార్ఫ్ నల్లబడింది.

కెస్లర్ అనుమానంగా చూశాడు. మెకానిక్ తనది పెట్టుకుంటే తప్పేమిటని ఒడీల్ విసుక్కుంది.

కవచం బిగించనిదే తమ కంపెనీ బటన్ నొక్కనివ్వదని వెండెల్ మొండికేశాడు. గొణుక్కుంటూనే కెస్లర్ దాన్ని బల్ల కిందనుంచి తీసిచ్చాడు. వెండెల్ కిరణాన్ని వెలిగించకుండానే, ఆరు మిల్లీమీటర్ల మందమున్న నల్ల అల్యూమినియం ముక్కను మిషన్ కింద ఉంచాడు. దాని మీద ఫోకస్‌కు సరైన ఎడం చూపే కొలత దిమ్మె నిలబెట్టి, లేజర్ తలను ఆ దిమ్మెకు తాకేదాకా దించి, మర బిగించి, దిమ్మెను తీసేశాడు. కవచం మూసి పరీక్షకు ఒక వాక్యం చెక్కాడు. కెస్లర్ భూతద్దంలో చూశాడు. ప్రతి అక్షరమూ సూదిమొనతో గీసినట్టుంది.

"భేష్," అంటూ జేబులోంచి కార్డునూ, అసలు బిళ్లనూ తీశాడు.

ఆ బిళ్ల మందం ఒకే ఒక్క మిల్లీమీటరు. పైతలం ఐదు మిల్లీమీటర్లు కిందికి దిగినట్టే. తలను మళ్ళీ దించకపోతే కిరణం గాలిలో సన్నబడి, లోహం చేరేసరికి చెదిరిపోతుంది. వెండెల్ తలను దించలేదు. బిళ్లను ఉంచి, కార్డును మిషన్‌లో దూర్చి, కవచం మూసి, బటన్ వైపు చెయ్యి చాచాడు.

"ఆగు. ఇందాక ఏదో దిమ్మె పెట్టావుగా, మళ్ళీ పెట్టవా?" అన్నాడు కెస్లర్. తర్వాత ఒడీల్ వైపు తిరిగాడు. "నువ్వు రోజూ చేసే పనేగా. పెట్టక్కర్లేదా?"

వెండెల్ వేలు బటన్ మీదే ఆగిపోయింది. పద్నాలుగు మంది ప్రాణాలు ఆ లిప్‌స్టిక్ పెదవుల మధ్య నిలిచాయి.

ఒడీల్ ఆవులించింది. "ఒకసారి పెట్టాడుగా. ఎన్నిసార్లు పెడతారు?"

మిషన్ పదకొండు నిమిషాలు గుర్రుమంది. కెస్లర్ చెయ్యి భూతద్దం వైపు వెళ్ళేలోపే ఒడీల్ దాన్ని అందుకొని బిళ్ల మీదికి వంగింది. వీధిలో కెస్లర్ కోసం ఆగిన టాక్సీ హారన్ రెండుసార్లు మోగింది.

"ముత్యాల్లా ఉన్నాయి," అంది. "విమానం వెళ్ళిపోతుంది, కదులు."

కెస్లర్ ఒక్క క్షణం తటపటాయించాడు. హారన్ మళ్ళీ మోగింది. అతను కార్డును మిషన్‌లోంచి లాగి, నాలుగు ముక్కలుగా విరిచి ఆసిడ్ డబ్బాలో వేసి, బిళ్లను సంచికి తగిలించుకొని మంచులోకి పరుగెత్తాడు. వీధి చివర ఆగివున్న మోరీన్ మనుషుల బూడిద రంగు కారు అతని టాక్సీ వెంట నెమ్మదిగా కదిలింది.

ఒడీల్ స్కార్ఫ్ విప్పి మడిచింది. వెళ్ళొస్తానని గానీ, తను ఎవరి మనిషినని గానీ చెప్పలేదు. పదకొండుకు ఒక కన్నయినా తిరిగి వస్తుందన్నారని వెండెల్ చెబితే మాత్రం కాసేపు నిలబడి విన్నది.

మర్నాడు సముద్రానికి ఆవలి ఒడ్డున, ఎంతో ముఖ్యుడైన ఒక పెద్దమనిషి బూడిద మరక తప్ప మరేమీ లేని లగేజీ బిళ్లను గంటసేపు భూతద్దం కింద తిప్పితిప్పి చూసి, చివరికి కళ్ళ డాక్టరుకు ఫోన్ చేయించాడు.