గాజు మూత కింద ఎండ

లోపలికి వస్తూనే ఆ అమ్మాయి కుర్చీలో కూలబడింది. "సాయంత్రానికి నా పళ్ళెం మీది పూత చెక్కేస్తారమ్మా. పసిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చినదాన్నన్న పేరు మాత్రం ఏ ఉలితో చెక్కినా పోదు," అంది.

పేరుమోసిన ప్రైవేటు డిటెక్టివ్ అయిన అత్తగారు కళ్ళజోడు పైకి తోసుకుంది. ఆమెకు అసిస్టెంటు కోడలే. చంకలో బిడ్డను అటునుంచి ఇటు మార్చుకుని ఆ అమ్మాయికి మంచినీళ్ళు అందించింది. పిల్లల జబ్బు మాట వింటే చాలు, కోడలు హడలిపోతుంది.

వచ్చినామె రసాయనశాస్త్రం చదివినది. శిశుకేంద్రం మేడ మీద ఆమె పెట్టిన వెడల్పాటి పళ్ళేనికి, కంటికి ఆనని సన్నటి రేణువులతో చేసిన తెల్లటి పూత, పైన గాజు మూత ఉన్నాయి. ఎండ తగిలితే ఆ పూత మేలుకుంటుంది. తన మీదుగా పల్చగా పారే నీళ్ళలోని మురికిని విరగ్గొడుతుంది, క్రిములను చంపుతుంది. ఏడాదిగా పిల్లలు ఆ నీళ్ళే తాగి బొద్దుగా పెరిగారు. పోయిన వారం ఉన్నట్టుండి సగంమంది వాంతులతో మంచాన పడ్డారు. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నారు. తప్పంతా పూతదేనని కేంద్రం పెద్దలు తేల్చేశారు.

"వెలుతురేమన్నా తగ్గిందా?" అని అడిగింది అత్తగారు.

"లేదమ్మా. మూత గాజు తళతళలాడుతోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది."

"అయితే పద. ఆ ఎండనే అడుగుదాం."

శిశుకేంద్రం మేనేజరు వాళ్ళకు మేడ చూపించింది. ఆమె తమ్ముడు కూడా వెంటే వచ్చాడు. అతను నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతాడు.

"అప్పుడే చెప్పాను అక్కకి. ఏదో పిండి పూస్తే నీళ్ళు బాగవుతాయా? మా ఫిల్టర్లు వాడినన్నాళ్ళూ ఒక్క పిల్ల తుమ్మిందా?"

"తుమ్ములక్కూడా ఫిల్టరుందా బాబూ," అంది అత్తగారు. "ఈ మూత ఎవరైనా కదిపారా?"

"మావాడే," అంది మేనేజరు మురిపెంగా. "అంచు రబ్బరు ఊడొస్తోందని రెండు వారాల కిందట కొట్టుకు పట్టుకెళ్ళి కొత్తది వేసి తెచ్చాడు."

"పనివాళ్ళకిస్తే పగలగొడతారు. రబ్బరు నేనే బిగించాను," అన్నాడతను.

"పూత పనిచేస్తుంటే ఈ రంగునూ విరగ్గొట్టాలి," అంటూ అత్తగారు పళ్ళెం అంచున పూత మీద నీలిరంగు చుక్క వేసి మూత దించింది. ఎండలో ఎంతసేపున్నా ఆ చుక్క నీలంగానే ఉంది.

తరువాత కోడలిని వెంటబెట్టుకుని ఫిల్టర్ల కొట్టు వీధికి నడిచింది. కొట్టు అద్దం వెనక క్యాలెండరు ఎర్రగా నిగనిగలాడుతోంది. పక్కనే దర్జీ కొట్టులో అదే క్యాలెండరు వెలిసి పాలిపోయింది.

"ఎండ ఇద్దరికీ ఒకటే కదా. ఇది వెలవలేదేం?"

"ఖరీదైన రంగేమో అత్తయ్యా."

"క్యాలెండరు ఒకటే అయితే రంగు రెండెలా అవుతుందే పిచ్చిదానా. పద, అందర్నీ మేడెక్కిద్దాం."

మేడ మీద తల్లులు గుమిగూడారు. మేస్త్రీ ఉలి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అత్తగారు మూత పక్కన పెట్టించింది. నేరుగా ఎండ పడగానే నీలిచుక్క కొద్దికొద్దిగా పాలిపోయి చివరికి తెల్లబడింది. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పూత బతికే ఉంది. దానికి తిండే అందలేదు," అంది అత్తగారు. "ఎండలో కంటికి కనిపించని కిరణం ఒకటుంది. రంగుల్ని వెలిసేట్టు చేసేదీ, ఈ పూతను లేపేదీ అదే. సరుకు వెలవకుండా కొట్టు అద్దాలకు పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటిస్తారు. అది వెలుతురును పోనిస్తుంది, ఆ కిరణాన్ని ఆపేస్తుంది. అలాంటిదే ఈ మూత లోపలివైపు కూడా ఉంది."

"ఎవరు అంటించారో ఏమో. ఈ మేడకు తాళముందా, కాపలా ఉందా," అన్నాడు తమ్ముడు.

"మేస్త్రీ, ఆ రబ్బరు ఊడదియ్యి నాయనా."

రబ్బరు ఊడింది. ఫిల్మ్ గాజు చివరిదాకా, రబ్బరు కింద కూడా పరుచుకుని ఉంది.

"రబ్బరు కింద ఫిల్మ్ ఉందంటే, ముందు ఫిల్మ్ అంటించి ఆపైన రబ్బరు బిగించారన్నమాట. బిగించిందెవరో ఆయన నోటితోనే విన్నాం."

అతను అక్క వైపు తిరిగాడు. "కేంద్రాలన్నీ ఫిల్టర్లు మానేస్తున్నాయి అక్కా. పూత దండగ అనిపిస్తే చాలనుకున్నాను. పిల్లలకు ఇంత అవుతుందనుకోలేదు."

"పోలీసులు వచ్చేదాకా కింద కూర్చో," అంది మేనేజరు. "అక్కా అని మాత్రం పిలవకు."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ చెక్కేదుందా, లేదా?"

"ఉంది. గాజుకున్న ఆ ఫిల్మ్ గీకెయ్యి."

ఆ వారమే కొత్త నీళ్ళ పరీక్ష వచ్చింది. ఒక్క క్రిమి లేదు. రసాయనాల అమ్మాయి పళ్ళెం దగ్గర నిలబడి గ్లాసు నింపింది. తల్లులు నీళ్ళను చూశారు, నేలను చూశారు. ఒక్కరూ చెయ్యి చాపలేదు.

కోడలు ముందుకు నడిచింది. గ్లాసు అందుకుని సగం తాను తాగింది. మిగతాది బిడ్డ పెదాలకు ఆనించింది. బిడ్డ గటగటా తాగి, ఇంకా కావాలని గ్లాసు అంచు కొరికింది.

"మావాడికియ్యండి ముందు," అందొకావిడ వెనకనుంచి. "మేం పొద్దున్నుంచీ నిలబడ్డాం," అంది ఇంకొకావిడ. వరస కాస్తా తోపులాటైంది. నీళ్ళకేం కొదవ లేదు గానీ గ్లాసులు చాలడం లేదని, రసాయనాల అమ్మాయి నవ్వుకుంటూ మెట్లు దిగి పరుగెత్తింది.