గోడకి అవతల స్విచ్

చీకటి పడ్డాక ఆ షెడ్డు పక్కనుంచి ఎవరూ నడిచేవారు కాదట. దగ్గర దారి అదే అయినా, పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి ఇళ్లకి చేరేవారట. ముందు గోడ మీద ఎవరో కొట్టిన చప్పుడవుతుందనీ... తర్వాత గుయ్‌మని రొద మొదలవుతుందనీ... కిటికీలో నీలం వెలుగు పాకుతుందనీ చెప్పుకునేవారు.

లోపల మనిషి పోయి అప్పటికి రెండు నెలలు.

ఇది నాకు చెప్పినవాడు మా డిపోలో మెకానిక్. వాణ్ణి మేమంతా నిదానం అంటాం. బస్సు కింద మంట లేచినా చేతిలో టీ పూర్తి చేసిగానీ లేవడు. వాడు కట్టుకథలు అల్లుతాడంటే నేను నమ్మను. దానికి కాస్త చురుకుదనం కావాలి కదా.

పోయింది వాడి బావ. ఫొటోలకి ఫ్రేములు కట్టే షాపు ఆయనది. మిగిలిన చెక్కల మీద కరెంటుతో డిజైన్లు కాల్చే పిచ్చి ఆయనకి పట్టుకుంది. పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ పీకి తెచ్చాడు. చెక్కకి రెండు చివరలా మేకులు దిగ్గొట్టి, వంటసోడా కలిపిన నీళ్లు పూసి, కరెంటు పెట్టేవాడు. చెక్క మీద నిప్పు పాకుతూ కొమ్మలుగా, కొమ్మల్లోంచి రెమ్మలుగా చీలేది. రెండు వైపులనుంచీ వచ్చిన కొమ్మలు మధ్యలో కలిస్తే పని అయిపోయినట్టు.

“ప్రాణాలతో చెలగాటం బావా, మానెయ్” అని వీడు ఎన్నోసార్లు అన్నాడు. బావ నవ్వేవాడట.

“నా చేతులు చెక్క దగ్గరుంటే స్విచ్ నా దగ్గర ఉండదు బామ్మర్దీ. మీ అక్క దగ్గరుంటుంది. ఇంతకంటే జాగ్రత్త ఏం కావాలి?”

నిజమే. షెడ్డుకీ వంటింటికీ మధ్య ఒకటే గోడ. స్విచ్ వంటింట్లో. ఆయన గోడ మీద ఒకసారి కొడితే అక్క స్విచ్ వెయ్యాలి. రెండుసార్లు కొడితే ఆపాలి. రొదలో మాట వినబడదు గనక ఆ ఏర్పాటు.

ఆ రోజు చప్పుడు ఒకసారే వినబడింది. అక్క స్విచ్ వేసింది. అది గోడ మీద కొట్టిన దెబ్బో... మేకు మీద పడిన సుత్తి దెబ్బో... ఎవరికీ తెలియదు. రెండు దెబ్బలు మాత్రం రాలేదు. ఎంతసేపు కూర్చున్నా రాలేదు.

అక్క ఏడవలేదు. వచ్చినవాళ్లకి మంచినీళ్లిచ్చింది. గుమ్మంలో వాళ్ల చెప్పులు వరసగా సర్దింది. తమ్ముడు ఇంటికి రమ్మంటే కదల్లేదు.

“ఆయన పని సగంలో ఉందిరా” అంది. గొంతులో తడి లేదు. ఏ రోజు అడిగినా అదే మాట.

నిదానానికి భయం పట్టుకుంది — దెయ్యం గురించి కాదు, అక్క గురించి. ఇలాగే వదిలేస్తే ఆ గోడ పక్కనే ఆవిడ కూడా అయిపోతుందనిపించింది. ఆ యంత్రం అక్కడున్నంతకాలం ఆవిడ రాదు. అడిగితే తియ్యనివ్వదు. అందుకని వాన వెలిసిన ఒక సాయంత్రం, చీకటి పడి అక్క వంటింట్లోకి వెళ్లాక, వెనక తలుపు తీసుకుని షెడ్డులోకి దూరాడు.

లోపల అంతా అలాగే ఉంది. ఎవరూ ముట్టుకునే ధైర్యం చెయ్యలేదు మరి. బల్ల మీద సగం కాలిన చెక్క. మేకులకి చుట్టిన వైర్లు. పైకప్పు కారి చెక్కా తడిసింది, నేలా తడిసింది. గడియ ఊడిన కిటికీ రెక్క ఊగి గోడకి కొట్టుకోబోతుంటే పట్టుకున్నాడు. చప్పుడైతే అక్క వస్తుందని, జేబులో తాడు తీసి దాన్ని కట్టేశాడు.

ఓహో... ఇదా దెయ్యం! అనుకుని నవ్వుకున్నాడు కూడా.

అంతలోనే నవ్వు ఆగిపోయింది. చప్పుడు రెక్కది, సరే... మరి వెలుగు ఎవరిది?

గబుక్కున వెనక్కి తిరిగాడు. మోచెయ్యి గోడకి తగిలింది.

ఠప్...

గుయ్‌మంటూ రొద లేచింది. చెక్క మీద నీలంగా నిప్పు పాకింది. వాడి పాదాలు నీళ్లలో ఉన్నాయి. ఒక మేకుకి చుట్టిన వైరు సడలి, వణుకుతూ, కొంచెం కొంచెంగా జారుతోంది... అది నేల మీద పడితే అంతే సంగతులు.

రెండుసార్లు కొట్టాలి. వాడికి తెలుసు. గోడ చేతికందే దూరంలో ఉంది. కానీ ఒళ్లంతా మొద్దుబారిపోయింది. రెండు చేతులూ గుండెకి హత్తుకుని అలాగే నిలబడిపోయాడు.

“భయం కూడా వెయ్యలేదురా” అన్నాడు నాతో. “లోపల ఏమీ లేదు. అక్క ఎలా బతుకుతోందో అప్పుడు తెలిసింది.”

రొద ఆగిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాడు. కిటికీ సందులోంచి చూస్తే వీధి లైటు వెలుగుతూనే ఉంది. గోడకి అవతలనుంచి ఒక గొంతు... చాలా మెల్లిగా...

“ఏవండీ... అయిపోయిందా?”

వాడు చప్పుడు చెయ్యకుండా బయటపడి, చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి వెళ్లాడు. అక్క స్విచ్ పక్కన స్టూలు మీద కూర్చుని ఏడుస్తోంది. ఆయన పోయాక అదే మొదటిసారి.

“చప్పుడైనప్పుడల్లా వేస్తూనే ఉన్నానురా. ఆపమని మాత్రం కొట్టలేదు. సందంతా పడుకునేదాకా చూసి చూసి నేనే ఆపేదాన్ని. ఇవాళ కొట్టారు... రెండుసార్లు.” కళ్లు తుడుచుకుని లేచింది. “పద, మీ ఇంటికెళ్దాం.”

ఇంతవరకూ చెప్పాడు నిదానం. చేతిలో టీ ముట్టుకోకుండానే చల్లారిపోయింది.

“పోనీలేరా, ఆఖరికి కొట్టావు” అన్నాను. “మంచి పని చేశావు.”

“నేను కొట్టలేదు. నా చేతులు గుండె మీదే ఉన్నాయి.”

“మరి... కిటికీ రెక్కేమో?”

వాడు నావైపు చూశాడు.

“దాన్ని ముందే కట్టేశాను కదరా.”